పాత పనిముట్ల వేలం: ఫొటోలో చూపని వైపును అడిగి చూడండి

ఆన్‌లైన్ వేలంలో పాత పనిముట్లు కొనేటప్పుడు నిజాయితీ లేని అమ్మకందారులను ముందుగా గుర్తించడం ఎలాగని పలువురు పాఠకులు అడిగారు. వారిలో ఎక్కువమంది అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ సెలవు రోజుల్లో వడ్రంగం నేర్చుకుంటున్న తెలుగువారు. కొందరు హైదరాబాదు పరిసరాల్లో చిన్న వర్క్‌షాపులు నడుపుకొనేవారు. ఆ ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాను.

ప్రశ్న: ఈబేలో స్టాన్లీ కంపెనీ పాత చిత్రిక (చెక్కను నునుపు చేసే పనిముట్టు) ఒకటి వేలంలో కొన్నాను. ప్రకటనలో ‘మంచి స్థితిలో ఉంది’ అని రాశారు. ఇంటికి వచ్చాక చూస్తే నోటి దగ్గర నుంచి పక్కగోడ మీదికి పగులు ఉంది. లోపలి వైపు దాని మీద నల్లరంగు కొట్టి ఉంది. ఇలాంటివి ముందుగా పసిగట్టే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: పగులు ఉండటమే మోసం అనలేము. వందేళ్ల నాటి పోత ఇనుప చిత్రిక ఎప్పుడో ఒకసారి ఎవరి చేతిలో నుంచో నేల మీద పడి ఉంటుంది. ఆ పగులు మీద రంగు పూసి, ఆ వైపు ఫొటో పెట్టకుండా, స్థితి బాగుందని రాయడం మాత్రం తెలిసి చేసిన మోసమే. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే అమ్మకందారును అంచనా వేయడం సులువవుతుంది: లోపాన్ని తానుగా చెప్పి తక్కువ ధరకు అమ్మేవాడు, లోపం మాట ఎత్తకుండా మెరుగులు దిద్ది అమ్మేవాడు ఒక్కటి కారు.

పోత ఇనుము ఉక్కులాగా వంగదు, విరుగుతుంది. చిత్రికలో బ్లేడు బయటికి వచ్చే నోటి దగ్గర అడుగు రేకు దాదాపు రెండు ముక్కలుగా తెగినట్టే ఉంటుంది. రెండు భాగాలనూ కలిపి ఉంచేది ఇరుపక్కల ఉన్న గోడలు మాత్రమే. అందువల్ల దెబ్బ తగిలితే పగులు చాలాసార్లు నోటి మూల దగ్గర మొదలై పక్కగోడ మీదికి పాకుతుంది. ప్రకటనలో ముందుగా వెతకవలసింది ఈ చోటినే. పగులును ఇత్తడితో అతికించినట్టయితే అక్కడ సన్నని పసుపుపచ్చ గీత కనిపిస్తుంది.

తరువాత రంగును చూడాలి. స్టాన్లీ చిత్రికలకు కర్మాగారంలో వేసే నల్లటి నిగనిగలాడే పూతను జపానింగ్ అంటారు. అది లోపలి భాగానికే ఉంటుంది. అడుగు, పక్కగోడల బయటి ముఖాలు చెక్కి నునుపు చేసిన ఉత్త ఇనుమే. పాత పూత చెయ్యి ఆనే చోట్లా అంచుల్లోనూ అరిగి, అక్కడక్కడా పెచ్చులు రాలి, కింది ఇనుము గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఈమధ్య స్ప్రే డబ్బాతో కొట్టిన రంగు అంతటా ఒకే మందంలో ఉండి, తుప్పు తిన్న గుంటల్లోకీ, పోతపోసిన అక్షరాల సందుల్లోకీ, ఒక్కోసారి స్క్రూల గాడిలోకి కూడా దిగి ఉంటుంది. కొత్తగా రంగు వేశామని ప్రకటనలోనే రాసినవారిని నేను తప్పుపట్టను. రాయనివారి దగ్గర మాత్రం ఆ రంగు కింద ఏముందో చూపించమని అడగాలి.

అడగవలసిన ఫొటోలు ఇవి: అడుగు మొత్తం కనిపించేలా ఒకటి, నోటికి దగ్గరగా ఒకటి, రెండు పక్కగోడలు విడివిడిగా, బ్లేడు, దాన్ని బిగించి పట్టే లీవర్ క్యాప్ తీసేశాక పైనుంచి లోపలి భాగం, వెనుక పిడి రెండు వైపులా. పిడి అడుగున గానీ కొమ్ము దగ్గర గానీ విరిగి జిగురుతో అంటించి ఉండటం మామూలే. ఫొటోలతో పాటు ఒక ప్రశ్న కూడా అడగండి: ‘నోటి చుట్టూ గానీ, పక్కగోడల మీద గానీ పగులు, అతుకు, వెల్డింగ్ ఏమైనా ఉన్నాయా?’ ఇంత సూటిగానే అడగాలి. ‘స్థితి ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది, ఆ జవాబుతో తరువాత ఎవరినీ పట్టుకోలేము. ఈ ప్రశ్న ఈబే సందేశాల ద్వారానే అడగండి. రేపు వివాదం వస్తే ఆ సంభాషణే సాక్ష్యం.

దీనికి వచ్చే జవాబును బట్టి మనిషి తెలుస్తాడు. నిజాయితీపరుడు ఫొటో తీసి పంపుతాడు, లేదా లోపం ఇదీ అని చెబుతాడు. ‘ఫొటోల్లో ఉన్నదే, చూసుకోండి’ అన్నవారిని వదిలేయండి. ‘నాకు పనిముట్ల గురించి తెలియదు, మా తాతగారి షెడ్డులో దొరికింది’ అనే జవాబు కొంతమంది విషయంలో నిజమే. అయితే ఆ అమ్మకందారు ప్రస్తుతం అమ్ముతున్న ఇతర వస్తువులను, ఇంతకు ముందు అమ్మినవాటిని ఒకసారి తెరిచి చూడండి. వరసగా చిత్రికలు, రంపాలు, ఉలులు ఉండి, ప్రతిదాని కిందా ఇదే వాక్యం ఉంటే, ఆ తెలియనితనం తరువాత బాధ్యత తప్పించుకోవడానికి ముందే వేసుకున్న ముసుగని గ్రహించాలి.

అడుగు భాగం ఫొటో లేని చిత్రికకు, అడిగినా పంపని అమ్మకందారుకు, ధర ఎంత తక్కువగా ఉన్నా బిడ్ వేయవద్దని నా అభిప్రాయం.

ప్రశ్న: ‘టైప్ 11, పూర్తిగా ఒరిజినల్’ అంటూ ఒక నంబర్ 4 సైజు చిత్రికకు చాలా ఎక్కువ ధర అడుగుతున్నారు. ఆ మాట నిజమో కాదో ఫొటోలు చూసి తెలుసుకోగలమా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: చాలావరకు తెలుసుకోగలం. టైప్ అనేది స్టాన్లీ కంపెనీ పెట్టిన పేరు కాదు. కాలక్రమంలో వచ్చిన మార్పులను బట్టి సేకర్తలు చేసుకున్న వర్గీకరణ. టైప్ 11 అంటే సుమారుగా 1910 నుంచి 1918 వరకు తయారైనవి. వీటిలో ఫ్రాగ్ (బ్లేడు ఆనుకొని కూర్చునే భాగం) వెనుక, చిత్రిక ఒంటి మీద, మూడు పేటెంట్ తేదీలు పోతలోనే ఉంటాయి: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిల్ 19. ముందు పిడి పొట్టిగా ఉంటుంది. పొడవాటి ముందు పిడి ఆ తరువాతి కాలంలో వచ్చింది.

ఇక లీవర్ క్యాప్‌ను చూడండి. దాని మధ్యలో స్క్రూ దూరే రంధ్రం పాత వాటిలో తాళంచెవి రంధ్రం ఆకారంలో ఉంటుంది. మూత్రపిండం ఆకారంలో ఉండే రంధ్రం 1933 నుంచి వచ్చింది. లీవర్ క్యాప్ మీద స్టాన్లీ అనే పేరు పోతపోయడం కూడా 1920ల మధ్యలో మొదలైందే. కనుక ఒంటి మీద మూడు తేదీలు ఉండి, లీవర్ క్యాప్ రంధ్రం మూత్రపిండం ఆకారంలో ఉంటే, ఆ రెండూ ఒకే రోజున కర్మాగారం నుంచి బయటికి వచ్చినవి కావు. బ్లేడు మీద గుండె ఆకారంలో ముద్ర ఉంటే అది 1920 నుంచి వాడిన ముద్ర. కంపెనీ అధ్యక్షుడిగా పనిచేసిన విలియం హార్ట్ గౌరవార్థం పెట్టినది. బ్లేడు అరిగిపోయే వస్తువు, దాన్ని మార్చుకోవడంలో వింత లేదు. అయితే మార్చిన బ్లేడు ఉన్నదాన్ని ‘పూర్తిగా ఒరిజినల్’ అని అమ్మడం అబద్ధమే.

మీరు చెక్క చిత్రిక పట్టడానికే కొంటున్నట్టయితే, భాగాలు వేర్వేరు కాలాలవి కావడం వల్ల పనికి నష్టమేమీ లేదు. అవి సరిగ్గా అమరి, నోరు చెక్కుచెదరకుండా ఉంటే చాలు. అలాంటప్పుడు సేకర్త ధర ఇవ్వకండి, పనివాడి ధర ఇవ్వండి.

ధరలో తేడా బాగా ఎక్కువగా ఉండే చోట మోసం కూడా ఎక్కువ. బెడ్ రాక్ అనే స్టాన్లీ శ్రేణి మామూలు బెయిలీ శ్రేణి కంటే ఎక్కువ ధర పలుకుతుంది. నంబర్ 4కు సమానమైనది అందులో 604. బెడ్ రాక్ లీవర్ క్యాప్‌ను మామూలు నంబర్ 4కు తగిలించి అమ్మవచ్చు కనుక, లీవర్ క్యాప్ మీది పేరును నమ్మకుండా ఒంటి మీది పోతను, ఫ్రాగ్ కూర్చునే చోటును చూపించమనండి. అన్నింటికంటే చిన్నదైన నంబర్ 1 విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సుమారు ఐదున్నర అంగుళాల పొడవుండే ఈ చిత్రిక వెయ్యి డాలర్లు దాటి పలుకుతుంది కాబట్టి దానికి నకళ్లు తయారయ్యాయి. అసలైన నంబర్ 1కు బ్లేడును పక్కలకు సరిచేసే మీట ఎన్నడూ లేదు. ఆ మీట ఉన్నదాన్ని అసలైనదిగా అమ్మజూపితే ఇక ఆలోచించవలసిన పని లేదు. దేనికైనా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయమని అడగండి. నంబర్ 4 తొమ్మిది అంగుళాలు, నంబర్ 5 పద్నాలుగు, నంబర్ 7 ఇరవై రెండు అంగుళాలు ఉండాలి.

ప్రశ్న: పాత ఉలులు, రంపాలు లాట్‌గా అమ్ముతుంటారు. వాటిలో దేన్ని చూడాలి?
– ఒక పాఠకుడు, కేరీ, నార్త్ కరోలినా

జవాబు: ఉలికి చదునైన వెనుక ముఖమే ప్రాణం. అంచు దగ్గర ఆ ముఖం మీద తుప్పు గుంటలు ఉంటే ఎంత నూరినా పదును నిలవదు. ప్రకటనల్లో తరచుగా వాలు ఉన్న ముఖాన్నే చూపిస్తారు, కాబట్టి తిప్పి చూపించమనాలి. పాత ఉలిలో ఇంకా ఎంత పొడవు మిగిలి ఉందో స్కేలు పెట్టించి తెలుసుకోవాలి. అంచు దగ్గర నీలిరంగు కనిపిస్తే గ్రైండర్ వేడికి ఉక్కు పదును పట్టే గుణం పోయిందని అర్థం. ఆ మేర అరగదీసి పారేయక తప్పదు. రంపానికైతే పళ్ల వరుస వెంబడి ఒక కొన నుంచి చూస్తూ తీసిన ఫొటో కావాలి. వంకరను దాచగల ఫొటో కోణాలు చాలా ఉన్నాయి గానీ ఈ కోణంలో వంకర దాగదు. లాట్ ఫొటోలో పది ఉలులను కుప్పగా పోసి, మంచివి పైన పేర్చారంటే, కింద ఉన్నవాటికి విలువ లేదనుకొని ధర కట్టండి.

ప్రశ్న: నేను బిడ్ వేసిన ప్రతిసారీ వెంటనే ఎవరో ఒకరు ధర పెంచుతున్నారు. చివరికి నేను ఓడిపోయాను. రెండు రోజుల తరువాత ‘గెలిచినవారు వెనక్కి తగ్గారు, మీకే ఇస్తాం’ అని నా వ్యక్తిగత ఈమెయిల్‌కు సందేశం వచ్చింది. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, ఫీనిక్స్, అరిజోనా

జవాబు: నమ్మవద్దు. ఓడిపోయిన బిడ్డర్‌కు రెండో అవకాశం ఇచ్చే పద్ధతి ఈబేలో నిజంగానే ఉంది, కానీ అలాంటి అవకాశం మీ ఈబే ఖాతాలోని సందేశాల్లో కనిపించాలి. ఖాతాలో లేకుండా ఈమెయిల్‌కు మాత్రమే వచ్చి, వేరే దారిలో డబ్బు పంపమంటే అది అమ్మకందారు పంపినది కూడా కాకపోవచ్చు.

ధర పెంచిన విషయానికి వస్తే, అమ్మకందారు తానే మరో ఖాతాతోనో, తెలిసినవారి చేతనో దొంగ బిడ్లు వేయించడం ఈబే నిబంధనల ప్రకారం నిషిద్ధం. అయినా జరుగుతుంది. ఈబేలో మీరు గరిష్ఠ మొత్తం ఒకటి చెబితే, ఎదుటివారి బిడ్‌ను దాటడానికి ఎంత అవసరమో అంతే మీ తరఫున వ్యవస్థ పెంచుతూ పోతుంది. దొంగ బిడ్డర్ కొంచెం కొంచెంగా పెంచుతూ మీ గరిష్ఠ మొత్తం ఎక్కడుందో తడుముతాడు. పొరపాటున దాటిపోతే బిడ్ వెనక్కి తీసుకుంటాడు. బిడ్ల చరిత్ర తెరిచి చూడండి. పేర్లు చుక్కలతో కప్పి ఉన్నా, ఆ బిడ్డర్ ఫీడ్‌బ్యాక్ సంఖ్య కనిపిస్తుంది, అతడి బిడ్లలో ఎంత శాతం ఈ అమ్మకందారు వస్తువుల మీదే వేశాడో కూడా కనిపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ దాదాపు లేని ఖాతా, బిడ్లన్నీ ఒకే అమ్మకందారు మీద, ఎన్నడూ గెలవకపోవడం, పైగా ‘అమ్ముడైన’ వస్తువు అవే ఫొటోలతో మళ్లీ వేలానికి రావడం – ఇవన్నీ కలిసి కనిపిస్తే దూరంగా ఉండండి. వీటిలో ఏదో ఒక్కటి కనిపించినంత మాత్రాన నింద వేయకండి. కొత్తగా ఖాతా తెరిచిన ఉత్సాహవంతుడు కూడా అలాగే బిడ్ వేస్తాడు.

దీనికి మీ చేతిలో ఉన్న రక్షణ సులభమైనదే. అమ్ముడైన వస్తువుల ధరలను విడిగా చూసే వీలు ఈబేలో ఉంది. అటువంటి చిత్రిక ఇటీవల ఎంతకు పోయిందో అక్కడ చూసి, రవాణా ఖర్చు కూడా కలుపుకొని, మీరు ఇవ్వదలచిన మొత్తాన్ని కాగితం మీద రాసుకోండి. వేలం ముగిసే చివరి క్షణాల్లో ఆ మొత్తంతో ఒకే ఒక్క బిడ్ వేయండి. తడుముతూ పెంచే వ్యవధి ఎదుటివారికి ఉండదు.

ప్రశ్న: అమ్మకందారుకు నూరు శాతం మంచి రేటింగ్ ఉంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: శాతం ఒక్కటే సరిపోదు. ఎవరి నుంచి, దేనికి వచ్చిన రేటింగో చూడాలి. చవక వస్తువులు కొనుక్కుంటూ కొనుగోలుదారుగా సంపాదించిన ఫీడ్‌బ్యాక్ వేరు, అమ్మకందారుగా సంపాదించినది వేరు. ఏళ్ల తరబడి బట్టలో బొమ్మలో అమ్మిన ఖాతా ఒక్కసారిగా ఖరీదైన యంత్రాలను సగం ధరకు పెడితే, ఆ ఖాతాను ఎవరో దొంగిలించి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ ఫొటోలను గూగుల్‌లో చిత్రం ద్వారా వెతికితే, అవి మరొకరి పాత ప్రకటనలోనివని తేలడం కద్దు. ఈరోజు తేదీ రాసిన కాగితాన్ని వస్తువు పక్కన పెట్టి ఫొటో పంపమనండి. వస్తువు చేతిలో లేనివాడు ఆ పని తేలికగా చేయలేడు.

ప్రతికూల, తటస్థ వ్యాఖ్యలను మాత్రం ఓపికగా చదవండి. పార్శిల్ ఆలస్యమైందన్న ఫిర్యాదును పట్టించుకోనక్కరలేదు. ‘వర్ణనలో చెప్పని పగులు’, ‘భాగాలు లేవు’ అన్న మాటలు రెండు మూడుసార్లు కనిపించాయా, దానికి అమ్మకందారు ఏమని జవాబిచ్చాడు, డబ్బు తిరిగి ఇచ్చాడా లేక కొన్నవారినే దూషించాడా – ఇది మీకు కావలసిన సమాచారం. 2008 నుంచి ఈబేలో అమ్మకందారులు కొనుగోలుదారులకు ప్రతికూల ఫీడ్‌బ్యాక్ ఇవ్వలేరు. కాబట్టి ప్రతీకారానికి భయపడి నిజం దాచవలసిన అవసరం మీకూ లేదు. మోసపోయినప్పుడు ఉన్నదున్నట్టు రాయండి. తరువాత కొనేవారికి అది ఎంతో మేలు.

ప్రశ్న: మా అక్క డాలస్ నుంచి వస్తూ వేలంలో చవకగా దొరికిన పాత డ్రిల్లు మిషను తెస్తానంటోంది. ‘టెస్టెడ్’ అని రాశారట.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ‘టెస్టెడ్’ అన్న మాటకు స్విచ్చి వేస్తే తిరిగిందన్న అర్థమే తీసుకోవాలి. చెక్కలోనో ఇనుములోనో రంధ్రం వేస్తున్న వీడియో అడగమనండి. సీరియల్ నంబరు గీకేసి ఉంటే అది దొంగసొత్తు కావచ్చు, ముట్టుకోవద్దు. బ్యాటరీతో నడిచేదైతే పాత బ్యాటరీకి విలువ కట్టవద్దు. తీగతో నడిచేదైతే అమెరికాలో 120 వోల్టులు, మన దగ్గర 230 వోల్టులు కనుక ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది.

ప్రశ్న: బాలానగర్‌లో నాకు చిన్న వర్క్‌షాపు ఉంది. ప్రభుత్వ సంస్థల పాత లేత్ మిషన్లు ఈ-వేలంలో ఇప్పిస్తామంటూ ఒకరు ఫోన్ చేశారు. ముందుగా ధరావతు తన ఖాతాలో వేయమంటున్నారు. ఫొటోల్లో మిషను కొత్తదానిలా ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ డబ్బు పంపకండి. ఈబే తన భారతీయ వెబ్‌సైటును 2018లో మూసివేసింది. ఇప్పుడు మన దేశంలో ప్రభుత్వ రంగ సంస్థల పాత యంత్రాలు, తుక్కు ఎక్కువగా ఎంఎస్‌టీసీ వంటి వేదికల ద్వారా వేలానికి వస్తాయి. కేంద్ర ఉక్కు శాఖ కింద, కోల్‌కతా కేంద్రంగా పనిచేసే సంస్థ అది. అందులో కొనదలచినవారు తమ పేరుతోనే నమోదు చేసుకొని, ధరావతును ఆ వేదిక చెప్పిన పద్ధతిలోనే చెల్లించాలి. మధ్యవర్తి సొంత ఖాతాలో గానీ, యూపీఐ నంబరుకు గానీ ధరావతు వేసే పద్ధతి లేదు. ‘డబ్బు వెనక్కి పంపిస్తాం, పిన్ నొక్కండి’ అన్నా నొక్కకండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు, పంపడానికే అవసరం. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు మరో ఖాతాకు తరలకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

నిజమైన వేలంలోనైనా ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అన్న షరతు మీద అమ్ముతారు. తరువాత ఫిర్యాదుకు తావు ఉండదు. కనుక తనిఖీకి ఇచ్చిన రోజుల్లో స్వయంగా వెళ్లి చూడటం తప్పనిసరి. కొత్తగా రంగు వేసిన లేత్‌ను చూసి మురిసిపోకండి. పనిముక్కను పట్టి తిప్పే చక్‌కు దగ్గరగా ఉన్న బెడ్ (పట్టాల్లాంటి అడుగు దిమ్మ) భాగమే అన్నింటికంటే ఎక్కువ అరుగుతుంది. కోసే పనిముట్టును మోసే క్యారేజ్‌ను అక్కడ వదులు లేకుండా బిగించి, అవతలి కొనలో ఉండే టెయిల్‌స్టాక్ వైపు జరపండి. అటు వెళ్లేకొద్దీ పట్టేస్తే చక్ దగ్గర అరుగుదల ఉన్నట్టే. గేర్లన్నీ మార్చి నడిపించి శబ్దం వినండి. కరెంటు లేదని నడిపి చూపకపోతే, నడవని మిషను ధరే కట్టండి.

ప్రశ్న: ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా లోపమున్న వస్తువు వస్తే ఏం చేయాలి? ప్రకటనలో ‘వాపసు లేదు’ అని ఉంది.
– ఒక పాఠకుడు, షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: ‘వాపసు లేదు’ అని రాసినంత మాత్రాన మీ హక్కు పోదు. వస్తువు వర్ణనకు భిన్నంగా ఉంటే ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ వర్తిస్తుంది. అందుకు అందిన తేదీ నుంచి సాధారణంగా 30 రోజుల్లోపు ఫిర్యాదు నమోదు చేయాలి. అమ్మకందారుకు మూడు పనిదినాలు గడువు ఇచ్చి, పరిష్కారం రాకపోతే ఈబేను జోక్యం చేసుకోమని కోరవచ్చు. ఇదంతా ఈబే ద్వారా చెల్లించినప్పుడే. ‘బయట ఇస్తే తగ్గిస్తాను’ అన్న మాట విని జెల్ అనే బ్యాంకు బదిలీ సేవతో గానీ, గిఫ్ట్ కార్డులతో గానీ, పేపాల్‌లో స్నేహితులకు పంపే పద్ధతిలో గానీ డబ్బు పంపితే ఈ రక్షణ ఏదీ ఉండదు. గిఫ్ట్ కార్డు నంబర్లు అడిగినవాడు మోసగాడేనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పదే పదే హెచ్చరిస్తోంది.

పెట్టె వచ్చిన రోజే విప్పండి. విప్పకముందు ఒక ఫొటో, విప్పుతూ ఒకటి, లోపం దగ్గరగా ఒకటి తీయండి. దారిలో విరిగిందా, ముందే విరిగి ఉందా అన్నది పగులు రంగే చెబుతుంది. కొత్త పగులు లోపల బూడిదరంగులో మెరుస్తుంది, పాతది తుప్పుతోనో నూనె మురికితోనో నల్లబడి ఉంటుంది. ఏది ఏమైనా సరిగా కట్టకుండా పంపడం అమ్మకందారు లోపమే గనుక, కొన్న వెంటనే బ్లేడు, ఫ్రాగ్ విప్పి విడివిడిగా చుట్టి పంపమని రాసి ఉంచండి.

ఇంకొక ఎత్తు కూడా ఉంది. వస్తువు రానే రాదు, కానీ ట్రాకింగ్‌లో అందినట్టు కనిపిస్తుంది. మీ జిప్ కోడ్‌లోనే వేరే చిరునామాకు ఒక ఖాళీ కవరు పంపి ఆ నంబరు మీకు ఇచ్చి ఉంటారు. అప్పుడు ట్రాకింగ్ నంబరు తీసుకొని మీ పోస్టాఫీసుకు వెళ్లి, ఆ పార్శిల్ మీ చిరునామాకే చేరిందో లేదో, దాని బరువెంతో అడగండి. ఇరవై రెండు అంగుళాల ఇనుప చిత్రిక కొన్నవారికి కొన్ని ఔన్సుల కవరు వచ్చినట్టు నమోదైతే, ఆ వివరాన్ని రాతపూర్వకంగా తీసుకొని ఫిర్యాదుకు జతచేయండి. ఆ పార్శిల్ చేరిన చిరునామా మీది కాదని పోస్టాఫీసు చెబితే, అది కూడా జతచేయండి.